కోట మీద కురవని వాన

గౌలిపురలో నేను ఆటల దుకాణం తెరిచిన రోజుల్లో గల్లీలో రాకపోకలు ఆగిపోయేవి. ఆటోలు, స్కూటర్లు, పాల క్యాన్లు కట్టిన సైకిళ్లు, అన్నీ ఎక్కడివక్కడ నిలబడి మా కిటికీలోని టీవీని చూసేవి. ఇలా చాలామందికి చెప్పాను. అసలు సంగతేమిటంటే, మా గల్లీలో ఆటో పట్టదు. ఆగింది ఒకే ఒక సైకిలు, అదీ చైను ఊడి. కాకపోతే ఆ సైకిలాయన చైను ఎక్కించుకుంటూ టీవీ చూశాడు, ఎక్కించాక కూడా కాసేపు నిలబడి చూశాడు. అందులో అబద్ధం లేదు.

ఆ టీవీలో పొద్దస్తమానం రెండు నిమిషాల ముక్క ఒకటే తిరుగుతూ ఉండేది. ఒక కంప్యూటర్ ఆట తాలూకు ట్రైలర్. సందె వేళ, కొండ మీద పాడుబడ్డ కోట, ఎడతెగని వాన. మంచులోంచి ఒక ముసలి కావలివాడు లాంతరు పట్టుకుని నడిచి వస్తాడు. ఎక్కడో కుక్క మొరుగుతుంది. అతను ఆగి, లాంతరు పైకెత్తి, మన వైపు తిరుగుతాడు. గడ్డం మీంచి నీటిబొట్టు జారుతుంది. లాంతరు వెలుగు తడి గోడ మీద వణుకుతుంది. వెనకాల ఎవరో ఒక్క తీగ మీద ఒకే స్వరాన్ని లాగుతూ ఉంటారు. అంతే. ఆ రెండు నిమిషాలు చూసి లోపలికి రానివాడు లేడు. ఉన్నారు గాని, వాళ్లు వెనకున్న మా కొట్టానికి పాల కోసం వచ్చినవాళ్లు.

లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాక కనబడేది మాత్రం వేరే. వాన లేదు. మంచు లేదు. కోట గోడ పెళ్లికి సున్నం కొట్టించినట్టు తెల్లగా, పొడిగా ఉంటుంది. కావలివాడు బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా చేతులు వేలాడేసుకుని నిలబడతాడు. లాంతరు ఉంటుంది, వెలుగు ఉండదు. కోట తలుపు తోస్తే తెరుచుకోదు. తాళంచెవి ఎక్కడో బావిలో ఉందట. బావి దగ్గరికి పోతుంటే కాలు జారి చస్తాడు. మళ్లీ మొదటినుంచి. ట్రైలర్‌లో రెండు నిమిషాల్లో మన గుండె పట్టుకున్న మనిషి, ఆటలో గంటన్నర సేపు తలుపు చుట్టూ తిరుగుతాడు. ఈ కంపెనీల వాళ్లను ఏమనాలి? పెళ్లిచూపులకు ఒక మనిషిని చూపించి, పీటల మీద ఇంకో మనిషిని కూర్చోబెట్టడం కాదా ఇది? ఈ మాట అప్పట్లో రోజుకు పదిసార్లు అనేవాణ్ణి.

ఈ కోపం కథ చెప్పేముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పాల కుటుంబం. నవాబుగారి దేవిడీకి మూడు తరాలు పాలు పోశామని చెప్పుకునేవాణ్ణి. పోసింది ఆ దేవిడీ ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు. మా నాన్న పోయాక బర్రెలు, కొట్టం అన్నీ మా అన్న చూసుకునేవాడు. నాకు పేడ వాసన పడదని ఒక ముక్కు, పెద్దింటి వాణ్ణని ఒక తల, రెండూ ఉండేవి గాని పని ఉండేది కాదు.

అన్న పాలు పిండే ముందు ఒక పద్ధతి పాటించేవాడు. మా తాతది, మా నాన్నదీ అదే పద్ధతి. పాలకు వచ్చినవాళ్ల ఎదురుగా గిన్నె బోర్లించి, అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. లోపల చుక్క నీళ్లు లేవని చూపించడమన్నమాట. "సూడుండ్రి" అని, అప్పుడు బర్రె కింద కూర్చునేవాడు. ఎవరూ రాని రోజున కూడా బోర్లించి తట్టేవాడు. ఎవరికి చూపిస్తున్నావని అడిగితే, "బర్రెకు" అనేవాడు. నాన్న ఉన్నప్పుడు ఒకసారి వానకు కొట్టం పైరేకు జరిగి పాల క్యానులో నీళ్లు పడ్డాయి. నాన్న ఆ పాలు పారబోసి ఊరుకోలేదు. ముందు రోజు కూడా రేకు జరిగే ఉందేమో తెలియదని, ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు. ఒక్క గిరాకీ కూడా పోలేదు. అన్న ఈ కథను చెప్పినన్ని సార్లు ఇంకేదీ చెప్పలేదు.

నేను మాత్రం బోర్లించని వ్యాపారాలు చేశాను. తొంభైలలో వీసీఆర్ కిరాయికి ఇచ్చేవాణ్ణి. తరవాత టీవీకి తగిలించే ఆటల డబ్బాలు తెచ్చాను. వాటికి క్యాసెట్లుండేవి. ఒక్కో క్యాసెట్ అట్ట మీద పది లక్షల ఆటలని రాసి ఉండేది. లోపల ఉన్నవి ఏడు. ఆ ఏడే మళ్లీ మళ్లీ వేరే పేర్లతో వచ్చేవి. అట్ట మీద పులి మీద ఎక్కిన వీరుడి బొమ్మ, లోపల మూడు చుక్కలు కలిసి ఒక మనిషి. ఆ అంకె రాసినవాణ్ణి నేను తిట్టలేదు. వాణ్ణి చూసి ముచ్చటపడ్డాను. నాకంటే ఎక్కువ చెప్పేవాడు ప్రపంచంలో ఉన్నాడని మొదటిసారి తెలిసింది.

రెండు వేల తరవాత కంప్యూటర్లు వచ్చాయి. కార్వాన్‌లో ఒకరి దగ్గర పాత కంప్యూటర్లు ఇరవై తెచ్చాను. నాలుగు. కొట్టం ముందరి గది ఖాళీగా ఉండేది. అన్నను అడిగితే గిన్నె కడుగుతూ అన్నాడు:

"ఇస్త. గని ఒక్క మాట. గీ గడప మీద నిలవడి ఎవడన్న మోసం అన్నడనుకో, గా రోజే నీ డబ్బలు బయట, నా బర్రెలు లోపట."

"ఆటల్ల మోసమేముంటదన్నా?"

"నువ్వుంటవు గదా" అన్నాడు.

అలా తెరిచిన దుకాణం అది. లోపల ఒక కాగితం అంటించాను: ఆట నేనే పెట్టి ఇస్తాను, ఆటలోపలి బటన్లు ఎవరూ ముట్టరాదు, ముడితే మిషన్ ఖరాబైతది. అందరూ నమ్మారు. కిటికీలో టీవీ పెట్టి ట్రైలర్ వేశాను. ఆ తీగ సంగీతం వినకపోతే బర్రెలు పాలివ్వడం మానేశాయని చెప్పేవాణ్ణి. ఒక బర్రె ఒకసారి తల తిప్పింది.

ఇప్పుడు సార్ గురించి. ఆయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి మలక్‌పేటలో స్థిరపడ్డ ప్రభుత్వోద్యోగి. ఏ కాగితం కనబడినా మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివే మనిషి. మాత్రల అట్ట వెనక ఉన్నది కూడా చదివేవాడు. మలక్‌పేటలో పాల పాకెట్లు దొరకవా అంటే దొరుకుతాయి. అయినా ఆదివారం పొద్దున్నే స్కూటరేసుకుని, స్టీలు క్యానుతో మా గల్లీకి వచ్చేవాడు. అన్న గిన్నె బోర్లిస్తే తల ఒకవైపు వంచి లోపలికి చూసి, "ఆఁ, సరే కానివ్వండి" అని మంజూరు చేసేవాడు.

ఒక ఆదివారం పాలు పట్టుకుని వెనక్కి తిరిగినప్పుడు ఆయన కళ్లు టీవీ మీద పడ్డాయి. క్యాను ఒరిగి పాలన్నీ గల్లీలో పారాయి. పారలేదు. మూత మీద రెండు చుక్కలు చిందాయి. కాని ఆయన గమనించలేదు, అది ముఖ్యం. ముసలి కావలివాడు లాంతరు ఎత్తి ఆయన వైపు తిరిగాడు. సార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏమండీ, ఇది సినిమానా?"

"ఆట సార్. మీరే గా ముసలాయన. లాంతరు మీ చేతులనే ఉంటది."

"నా చేతిలోనా?"

"గా వానల, గా మంచుల, మీరొక్కరే. ఏడు అంతస్తుల కోట. ఒక్కో గదిల ఒక్కో ఆత్మ." ఆత్మల సంగతి అప్పటికప్పుడు కలిపాను. ఆటలో ఒక గబ్బిలం ఉంది.

ఆయన క్యాను కిందపెట్టి కూర్చున్నాడు. నేను ఆట పెట్టి, కోట గుమ్మం ముందు కావలివాణ్ణి నిలబెట్టి, మౌసు ఆయన చేతికిచ్చాను. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. తరవాత కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"వానేదండీ?"

"ముంగటికి పోతే వస్తది సార్."

ముందుకు పోయాడు. బావిలో పడి చచ్చాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు. వాన తలుపు లోపలుంటుందన్నాను. తలుపు లోపల వానెందుకుంటుందండీ అన్నాడు. మూడో వారం తాళంచెవి దొరికింది, లోపలికి పోయాడు, లోపల ట్యూబులైటు వేసిన ఆఫీసులా తెల్లగా ఉంది. అయినా ఆదివారం తప్పేవాడు కాదు. ఇంట్లో ఆయన చెప్పే కారణం ఒక రోజు మా అన్న చెవిలో పడింది.

"ఇంట్ల ఏం జెప్తున్రు సారూ, గింత సేపు?" అని అడిగాను.

"గేదె పాలు చేపట్లేదని చెబుతున్నానండీ."

పక్క నుంచి అన్న కేకేశాడు: "సారూ! మీరు ఆడుండ్రి, సావుండ్రి, గని నా బర్రె మీద ఏయకుండ్రి. గది గిన్నె సూడంగనే సేపుతది."

నాలుగో ఆదివారం సార్ కుర్చీలోంచి లేచి, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. నాకివ్వలేదు. నేరుగా కొట్టంలోకి పోయి, ఇంటి పెద్ద అని మా అన్న చేతిలో పెట్టాడు. ముత్యాల్లాంటి చేతిరాత. పైన "విషయం: ఆటలో వాన లేకపోవుట గురించి" అని ఉంది. కిటికీలోని టీవీలో వాన, మంచు, తడి గోడ, లాంతరు వెలుగు, కుక్క చూపబడినవనీ, లోపల ఇవేవీ లభ్యం కానందున ఇది వినియోగదారుని తప్పుదోవ పట్టించుటయేననీ, తగు చర్య తీసుకోగలరనీ రాసుంది. కింద సంతకం.

అన్న దాన్ని రెండుసార్లు చదివాడు.

"మోసమనేనా సారూ దీని అర్థం?"

"ఆ మాట నేను వాడలేదండీ."

"వాడలే. గని అర్థం గదే గదా?"

సార్ మర్యాదస్థుడు. నేలను చూశాడు. ఆ చూపు చాలు అన్నకు.

"ఇగో తమ్మీ," అన్నాడు నాతో. అరవలేదు. అరిస్తే నాకు ధైర్యంగా ఉండేది. "మొన్న ఇద్దరు పాలకొచ్చి నవ్వుకుంట పోయిన్రు. 'ముందరి గదిల తమ్ముడు గట్ల, ఎనక కొట్టంల అన్న ఎట్లనో' అనుకుంట. బర్రెలు ఇయ్యాల పోతయి, రేపు కొంటం. గిన్నె మీదికి మాటొస్తే యాడ కొంటం? వచ్చే ఆదివారం, సారు ముంగట, నా ముంగట, గా ఆట ఖాళీ గిన్నె నుంచి సూపియ్యి. కంపెనీ తప్పుంటే కంపెనీది. నీ తప్పుంటే, ఖాళీ చెయ్యి."

"కంపెనీదే అన్నా! ఒట్టు! దొంగలు వాళ్లు. రెండు నిమిషాల బొమ్మకు పైసలన్నీ పెట్టి, ఆటకు సున్నం కొట్టి పంపిన్రు."

"ఆదివారం" అన్నాడు అన్న, గిన్నె కడుక్కుంటూ.

ఆ వారమంతా నేను మండిపోయాను. కంప్యూటర్ల గురించి వచ్చే ఇంగ్లీషు పత్రికకు మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి. తెలుగులో. దాన్ని పోస్టు చెయ్యలేదు, డ్రాయరులో పెట్టాను. చాయ్ హోటల్లో కనబడినవాళ్లందరికీ ట్రైలర్ల అన్యాయాన్ని వివరించాను. ట్రైలర్ తీసేవాడు వేరు, ఆట చేసేవాడు వేరు, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరని, ట్రైలర్ వాడికి కావలివాడు ఆగి తిరిగే క్షణం తెలుసుగాని, ఆగడానికి ముందు వాడు ఎంతసేపు నడవాలో తెలియదని చెప్పాను. మనిషికి వానలో నిలబడే ఆశ చూపించి, పొడి గోడ చుట్టూ తిప్పడం కంటే దగా ఉందా అన్నాను. మాటలు బాగానే కుదిరాయి. ఇప్పటికీ అందులో సగం నిజమే అనుకుంటాను.

మిగతా సగం చెప్పాలి. ఆ వాన తీసేసింది నేను.

కంప్యూటర్లు తెచ్చిన రోజు ఆట పెడితే, వాన పడింది. మంచు కూడా వచ్చింది. లాంతరు వెలుగు గోడ మీద వణికింది. కాని ఆ ముసలి మిషన్లకు అంత శక్తి లేదు. కావలివాడు కాలెత్తితే, అది మళ్లీ నేలను తాకేలోపల చాయ్ తాగి కప్పు కడిగి పెట్టొచ్చు. అలా నడిచే ఆట ఎవడాడతాడు? ఆట లోపల ఒక పేజీ ఉంటుంది. అందులో వాన, మంచు, నీడలు, వెలుగు, ఒక్కొక్కదాని పక్కన ఒక చిన్న గడి. నేను కూర్చుని ఒక్కొక్క గడిలో గుర్తు తీసేశాను. వాన తీశాను, కాస్త నడిచాడు. మంచు తీశాను, ఇంకాస్త నడిచాడు. నీడలు, వెలుగు కూడా తీశాక పరుగెత్తాడు. నాలుగు మిషన్లలోనూ అంతే చేసి, ఎవరూ ఆ పేజీ చూడకుండా ఆ కాగితం గోడకు అంటించాను. నెల తిరిగేసరికి ఆ సంగతి నాకే గుర్తులేదు, కంపెనీ మీద నా కోపం నిజమైన కోపమే. ఇలా ఇన్నేళ్లు చెప్పాను. గుర్తుంది. ప్రతిరోజూ గుర్తుంది.

శనివారం సాయంత్రం గడులన్నిట్లో మళ్లీ గుర్తులు పెట్టి చూశాను. వాన పడింది, మనిషి ఆగిపోయాడు. మళ్లీ తీసేశాను. ఇలాగే చూపించి కంపెనీని తిడదాం, అన్నకు ఆ పేజీ సంగతి ఏం తెలుసు అనుకున్నాను.

ఆదివారం సార్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అన్న పాలు పిండడం ముగించి, చేతులు తుడుచుకుని, నా దుకాణంలోకి మొదటిసారి అడుగుపెట్టాడు. చేతిలో ఖాళీ గిన్నె అలాగే ఉంది. నేను ఎప్పటిలా ఆట తెరిచి కావలివాణ్ణి గుమ్మం ముందు నిలబెట్టాను.

"సూడుండ్రి, వానేది? గిది కంపెనీ..."

"ఆగు," అన్నాడు అన్న. "గీ మనిషి మొదలే నిలవడి ఉన్నడు. యాడికెల్లి వచ్చిండు?"

"ఆటలకెల్లి."

"ఆట యాడికెల్లి వచ్చింది?"

"సీడీలకెల్లి."

"మరి మిషన్లకెల్లి తీసెయ్యి. గిన్నె బోర్లించు. సీడీకెల్లి పిండు, మేం సూస్తం."

కొత్తగా ఎక్కిస్తే ఆట కంపెనీ పంపినట్టే వస్తుంది, గడులన్నీ నిండుగా. అన్నకు కంప్యూటర్ తెలియదు. పాలు తెలుసు. అది చాలింది.

"సీడీ మీద గీతలు పడ్డయన్నా, సదువది."

సార్ చెయ్యి చాపాడు. సీడీ తీసుకుని, జేబురుమాలుతో మధ్యనుంచి అంచుకు తుడిచి ఇచ్చాడు. "చదువుతుందిలెండి."

చదివింది. పాత ఆట తీసేశాను, కొత్తగా ఎక్కించాను. పావుగంట పట్టింది. కొట్టంలో బర్రె ఒకటి తోక విసురుతున్న చప్పుడు వినబడుతోంది. ఆట తెరుచుకోగానే అడక్కుండానే ఆ పేజీ ముందుకొచ్చి నిలబడింది. నేను గబగబా దాటించబోయాను.

"ఉండండి, ఉండండి," అన్నాడు సార్. ఏ కాగితాన్నీ చదవకుండా వదిలే మనిషి కాదని ముందే చెప్పాను. కుర్చీ దగ్గరికి లాక్కుని పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. "వాన: ఉంది. మంచు: ఉంది. నీడలు: ఉన్నాయి. వెలుగు: ఉంది." కళ్లజోడు మీదినుంచి నావైపు చూశాడు. "ఏమండీ, ఇవన్నీ కంపెనీ వాళ్లు పంపించారే! నెల రోజులుగా ఎక్కడికి పోయాయండీ?"

నేను అన్న వైపు చూశాను. అన్న ఆ గడులను కాదు, నా ముఖాన్ని చూస్తున్నాడు.

"నేనే తీసేసిన అన్నా. మిషన్ గుంజుతలేదని."

అన్న గిన్నెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"పాలల్ల నీళ్లు కలిపెటోన్ని సూసిన," అన్నాడు. "నీళ్లు తీసేసి మోసం చేసెటోన్ని మాత్రం నిన్నే సూసిన."

సార్‌కు నవ్వు వచ్చింది, కాని అన్న ముఖం చూసి మింగేశాడు. తరవాత ఆట నొక్కాడు. కోట మీద వాన పడింది. మెల్లగా, ఆగి ఆగి, ఒక్కో చుక్కా సెలవు పెట్టి వస్తున్నట్టు పడింది. మంచులో కావలివాడు ఒక కాలు ఎత్తాడు. సార్ ఊపిరి బిగబట్టి ఆ కాలు దిగేదాకా ఎదురుచూశాడు. గోడ తడిగా మెరిసింది. లాంతరు వెలుగు దాని మీద నిజంగానే వణికింది. బావి దాకా పోవడానికి అరగంట పట్టింది. బావిలో పడి చచ్చినప్పుడు కూడా అయ్యో అనలేదు.

"టీవీలో చూసినంత లేదండీ," అన్నాడు చివరికి, క్యాను అందుకుంటూ. "కాని ఉంది. వాన అయితే ఉంది. ఈ నెల రోజులూ ఇలా నడిచినా నేను ఏమీ అనేవాణ్ణి కాదు. నాకు తొందరేముందండీ? మా ఇంట్లో గేదె చేపట్లేదనే కదా అనుకుంటున్నారు."

ఆ మాటకు నాకు కలిగిన సిగ్గు గురించి పెద్దగా చెప్పగలను, కాని చెప్పను. గిరాకీకి పరుగు కావాలని నేను ఎవరినీ అడక్కుండా తేల్చేశాను. ఆయన పరుగు కోసం రాలేదు. ఆ లాంతరు పట్టుకుని కాసేపు వానలో నిలబడదామని వచ్చాడు. ఆ ఒక్కటీ తీసి దాచిపెట్టి, మిగతా అంతా ఇచ్చాను.

సార్ పోయాక వైర్లు పీకడానికి లేచాను. అన్న ఆపాడు.

"ఏం జేస్తున్నవ్?"

"ఖాళీ చెయ్యమంటివి గదా."

"ముందుగాల బాపు చేసిన పని చెయ్యి. పైరేకు జరిగినప్పుడు బాపు ఏం జేసిండు? ఇంటింటికి పోయి చెప్పిండు. నువ్వు గూడ చెప్పు. చెప్పినంక గూడ ఎవడన్న వస్తె, వాడు నీ గిరాకీ. ఎవడు రాకుంటె, బర్రెలొస్తయి."

ఇంటింటికీ తిరిగాను, మూడు వందల గడపలు ఎక్కాను. ఎక్కలేదు. అంత ధైర్యం నాకు లేదు. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ మీద నిలబెట్టాను: "ఈ టీవీలో పడే వాన లోపల మూడు మిషన్లలో పడదు. నేను ఆపేసినందువల్ల. నాలుగో మిషన్‌లో పడుతుంది. చాలా మెల్లగా పడుతుంది." సార్ మరుసటి వారం వచ్చి దాన్ని చివరి చుక్కదాకా చదివి, "ఆపేసినందువలన అని ఉండాలేమో, పోనీలెండి" అన్నాడు.

ఆ అట్ట చూశాక నాలుగో మిషన్ కోసం జనం గల్లీ చివరిదాకా వరస కట్టారు. ఐదుగురు. మిగతా మూడు మిషన్లు నెల తిరక్కుండానే దుమ్ము పట్టాయి. వాటిని తీసేసిన చోట అన్న రెండు బర్రెలను కట్టేశాడు. ఇచ్చిన మాటలో మూడొంతులు నెరవేర్చుకున్నాడన్నమాట. పాల దగ్గర నవ్వుకున్న ఆ ఇద్దరూ మళ్లీ నవ్వలేదు. ఒకరు అట్ట చదివి అన్నతో, "మీ తమ్ముడు మంచిగనే రాసిండు" అన్నారట. అన్న అది నాకు చాలా రోజుల తరవాత, వేరే మాటల మధ్య చెప్పాడు.

ఆ ఐదుగురిలో ఐదోవాడు మా అన్నే. పాలు పోసి వచ్చి, పదకొండింటికి నాలుగో మిషన్ దగ్గర నిలబడేవాడు. ఆడేవాడు కాదు, కూర్చునేవాడు కాదు. నన్ను ఆడమని, చేతులు వెనక్కి కట్టుకుని వాన చూసేవాడు. ఒక రోజు ముఖం చిట్లించుకుని అన్నాడు:

"గా టీవీల కుక్క మొరుగుతదిరా. గీడ కుక్కేది?"

ఎంత వెతికినా ఆటలో కుక్క లేదు. ఏ గడిలోనూ లేదు, ఏ పేజీలోనూ లేదు. ట్రైలర్ కోసం పెట్టిన కుక్క అది. ఇన్నాళ్లకు నా కోపానికి ఒక న్యాయమైన కారణం దొరికింది.

"గది నేను తియ్యలే అన్నా. నిజంగ కంపెనీ వాళ్లే పెట్టలే."

అన్న నా ముఖంలోకి చూశాడు. నేను సీడీ డబ్బా తెరిచి, బోర్లించి, అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టి చూపించాను.

ఆయన తల ఒకవైపు వంచి డబ్బాలోకి చూశాడు. "ఊఁ" అన్నాడు. "అయితె కంపెనీకి రాయి."

రాశాను. "విషయం: ఆటలో కుక్క లేకపోవుట గురించి." సార్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, డబ్బా మీద ఉన్న చిరునామా చూసి కవరు మీద తన ముత్యాల రాతతో రాసిపెట్టాడు. ఈసారి నిజంగానే పోస్టు చేశాను. కంపెనీ వాళ్లు క్షమాపణ చెప్పి, తరవాతి ఆటలో మా గౌలిపుర కుక్క అరుపునే పెట్టారని చాలామందికి చెప్పాను. జవాబు రాలేదు.